నీళ్ళకి బరువేందిరా?

ఇంటర్ ఫస్ట్ ఇయర్ కెమిస్ట్రీలో "హైడ్రోజన్, దాని సమ్మేళనాలు" అనే చాప్టర్ గుర్తుందా? గుర్తులేకపోతే తప్పు మీది కాదు. వెయిటేజీ తక్కువని రెండు క్లాసుల్లో లాగించేసే చాప్టర్ అది. నీటి కాఠిన్యం, పెరాక్సైడ్ మీద ఒక లెక్క, ప్రోటియం - డ్యుటీరియం - ట్రిటియం అని మూడు పేర్లు, "భారజలం ఉపయోగాలు రాయుము" అని రెండు మార్కుల ప్రశ్న. దానికి జవాబు కూడా అందరికీ నోటికొచ్చు: "న్యూక్లియర్ రియాక్టర్లలో మోడరేటర్‌గా వాడతారు." అంతే, తర్వాతి చాప్టర్. ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ళయితే సిలబస్ తగ్గించినప్పుడు పదకొండో తరగతి పుస్తకంలోంచి హైడ్రోజన్ చాప్టర్‌ని మొత్తానికే లేపేశారు.

నాకు మాత్రం ఆ రెండు మార్కుల జవాబు సరిపోలేదు. కారణం కెమిస్ట్రీ మీద ప్రేమేం కాదు, చుట్టరికం. మా పెద్దమ్మ వాళ్ళది మణుగూరు దగ్గర అశ్వాపురం. ఆ వైపు "హెవీ వాటర్" అంటే పదార్థం పేరు కాదు, ఒక అడ్రస్. "వాళ్ళ పెద్దోడు హెవీ వాటర్‌లో చేస్తడు" అంటారు. "భారజలం" అనే మాట టెక్స్ట్ బుక్‌లో తప్ప నేనెక్కడా వినలేదు. నేను కెమికల్ ఇంజినీరింగ్‌లో చేరానని తెలిశాక పెద్దమ్మ అడిగిన మొదటి ప్రశ్న ఇదీ: "అరేయ్, అవి గోదాట్లో నీళ్ళేగా? మరి నీళ్ళకి బరువేందిరా?"

ఆ ప్రశ్నకి సరిగ్గా జవాబు చెప్పాలంటే హైడ్రోజన్ చాప్టర్ మొత్తం తిరగెయ్యాల్సి వచ్చింది. తిరగేస్తే తెలిసిందేంటంటే, అందులో విడివిడిగా బట్టీ పట్టిన ముక్కలన్నీ ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. హైడ్రోజన్ ఎవరి చెయ్యి పట్టుకుంది, ఎంత గట్టిగా పట్టుకుంది. మిగతా కథంతా దాని నుంచే వస్తుంది.

ముందు బరువు సంగతి. పది లీటర్ల బకెట్ నిండా మామూలు నీళ్ళు పోస్తే పది కిలోలు. అదే బకెట్ నిండా భారజలం పోస్తే పదకొండు కిలోలు. నిజంగానే చేతికి తెలిసేంత తేడా. చూడ్డానికి రెండూ ఒకటే. భారజలం 3.8 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, 101.4 దగ్గర మరుగుతుంది. దాంతో చేసిన ఐస్ ముక్కని మామూలు నీళ్ళ గ్లాసులో వేస్తే తేలదు, మునుగుతుంది. రుచి కూడా కొంచెం తియ్యగా ఉంటుందని 2021లో పరిశోధకులు మనుషుల మీద పరీక్షించి మరీ తేల్చారు.

ఎందుకింత తేడా? మామూలు హైడ్రోజన్ కేంద్రకంలో ఒక్క ప్రోటాన్ ఉంటుంది. డ్యుటీరియంలో ప్రోటాన్‌కి తోడు ఒక న్యూట్రాన్ ఉంటుంది. ఐసోటోపులు వేరే మూలకాల్లోనూ ఉన్నాయి కదా అనొచ్చు. యురేనియం 235కీ 238కీ బరువులో తేడా ఒక శాతం పైచిలుకు. హైడ్రోజన్‌కీ డ్యుటీరియంకీ తేడా రెట్టింపు! ఇంకే మూలకంలోనూ స్థిరమైన ఐసోటోపుల మధ్య ఇంత అంతరం లేదు. అందుకే ఈ రెండూ కెమిస్ట్రీలో కూడా కాస్త వేరుగా ప్రవర్తిస్తాయి. "ఐసోటోపుల రసాయన ధర్మాలు ఒకటే" అని మనం రాసే వాక్యం హైడ్రోజన్ దగ్గరికొచ్చేసరికి కాస్త తడబడుతుంది.

ఈ డ్యుటీరియం ఎక్కడో దొరికే అరుదైన సరుకు కాదు. గోదావరిలో ఉంది, మన వాటర్ బాటిల్‌లో ఉంది, మనలో ఉంది. నీళ్ళలోని హైడ్రోజన్లలో దాదాపు ప్రతి 6,500కి ఒకటి డ్యుటీరియం. అది కూడా జంటగా, అంటే డీటూఓగా ఉండదు. నీళ్ళలో హైడ్రోజన్లు ఒక అణువు నుంచి ఇంకో అణువుకి ఎప్పుడూ చేతులు మారుతూనే ఉంటాయి కాబట్టి ఒక డ్యుటీరియం, ఒక మామూలు హైడ్రోజన్ కలిసి హెచ్‌డీఓ రూపంలో తిరుగుతుంటాయి. 60 కిలోల మనిషి ఒంట్లో సుమారు 36 కిలోల నీరు ఉంటుందనుకుంటే, అందులోని డ్యుటీరియం అంతా ఏరితే ఆరు గ్రాముల భారజలం వస్తుంది. పెద్దమ్మకి ఇది చెప్తే "అయితే నేను కూడా హెవీ వాటరేనా" అంది. కాదని ఎలా అంటాం?

దీన్ని కనిపెట్టింది అమెరికాలో హెరాల్డ్ యూరీ, 1931లో. ద్రవ హైడ్రోజన్‌ని మెల్లగా ఆవిరి చేస్తూ చివర మిగిలినదాన్ని స్పెక్ట్రమ్‌లో చూస్తే డ్యుటీరియం గీత దొరికింది. 1934లో నోబెల్. ఈ మధ్యలో 1933లో గిల్బర్ట్ లూయిస్ (అవును, డాట్ స్ట్రక్చర్ల లూయిసే) దాదాపు శుద్ధమైన భారజలం తయారుచేసి, అందులో పొగాకు గింజలు వేసి చూశాడు. మొలకెత్తలేదు. ఎలకలకైనా అంతే, ఒంట్లో నీళ్ళలో మూడో వంతుకి మించి భారజలం అయితే బతకవు. విషం కాదు, రేడియోధార్మికత లేదు. కేవలం బంధం కాస్త గట్టిగా ఉండటం వల్ల లోపల జరగాల్సిన రియాక్షన్లు నెమ్మదిస్తాయి.

సరే, దీన్ని అంత కష్టపడి ఏరడం దేనికి?

గోళీలాట ఆడినవాళ్ళకి ఈజీగా అర్థమవుతుంది. ఒక గోళీ వచ్చి అంతే బరువున్న ఇంకో గోళీని సూటిగా కొడితే, కొట్టింది అక్కడే ఆగిపోతుంది, దెబ్బ తిన్నది దూసుకుపోతుంది. అదే గోళీ వెళ్ళి రోకలిబండని కొడితే అదే వేగంతో వెనక్కొస్తుంది. యురేనియం చీలినప్పుడు వచ్చే న్యూట్రాన్లు చాలా వేగంగా ఉంటాయి. వాటిని నెమ్మదింపజేస్తేనే తర్వాతి యురేనియం 235ని చీల్చే అవకాశం బాగా పెరుగుతుంది. నెమ్మదింపజేయాలంటే న్యూట్రాన్ బరువుకి దగ్గరగా ఉండే గోళీ కావాలి. దానికి హైడ్రోజన్‌ని మించింది లేదు, రెండిటి బరువూ దాదాపు సమానం. మరి మామూలు నీళ్ళు చాలు కదా?

చిక్కేంటంటే, మామూలు హైడ్రోజన్ న్యూట్రాన్‌ని ఆపడమే కాదు, అప్పుడప్పుడు మింగేస్తుంది కూడా. మింగితే ఏమవుతుంది? డ్యుటీరియం అవుతుంది! డ్యుటీరియం మాత్రం ఆల్రెడీ ఒకటి మింగి కూర్చుంది, ఇంకోటి దానికి పెద్దగా అక్కర్లేదు. న్యూట్రాన్‌ని మింగే గుణం డ్యుటీరియంలో 600 రెట్లకి పైగా తక్కువ. బరువు రెండింతలు కాబట్టి నెమ్మదింపజేయడానికి ఇంకొన్ని గుద్దులు ఎక్కువ పడతాయి, అంతే.

తవ్వి తీసిన యురేనియంలో చీలే 235 రకం 0.7 శాతమే. మామూలు నీళ్ళు వాడి న్యూట్రాన్లని పోగొట్టుకుంటే ఆ 0.7తో బండి నడవదు. కాబట్టి నీళ్ళతోనే నడపాలంటే రెండే దారులు. యురేనియాన్నయినా చిక్కబరచాలి, నీళ్ళనయినా చిక్కబరచాలి. మన దేశం చాలా రియాక్టర్లకి రెండో దారి ఎంచుకుంది. కైగా, కాక్రాపార్, రావత్‌భాటా అన్నీ ఈ రకమే. వాటికి కావాల్సిన యురేనియం బండిళ్ళు చేసేది హైదరాబాద్‌లోని ఎన్‌ఎఫ్‌సీ. నీళ్ళు చిక్కబరిచే చోట్లలో పెద్దది మణుగూరు. 1991లో మొదలైంది, కెపాసిటీ ఏడాదికి 185 టన్నులు.

ఈ నీళ్ళ కోసం యుద్ధంలో మనుషులు చనిపోయారని కూడా చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధం నాటికి పెద్ద ఎత్తున భారజలం దొరికే చోటు నార్వేలో వేమార్క్ ఒక్కటే. అక్కడ ఎరువుల కోసం జలవిద్యుత్‌తో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీసేవాళ్ళు. విడగొట్టగా విడగొట్టగా మిగిలిన నీళ్ళలో డ్యుటీరియం పోగయ్యేది. జర్మన్ల చేతికి అది పోకూడదని 1943 ఫిబ్రవరిలో నార్వే కమాండోలు మంచులో వెళ్ళి ఆ సెల్స్ పేల్చేశారు, ఒక్క ప్రాణం పోకుండా. మరుసటి ఏడాది మిగిలిన సరుకు జర్మనీకి తరలిస్తుంటే దాన్ని మోస్తున్న పడవనే సరస్సులో ముంచేశారు. అందులో మామూలు ప్రయాణికులు కూడా పోయారు.

మళ్ళీ మన గోదావరికి వద్దాం. 6,500లో ఒకదాన్ని ఏరడం ఎలా? మరిగించి ఏరొచ్చు, కానీ మరిగే ఉష్ణోగ్రతల్లో తేడా డిగ్రీన్నర కూడా లేదు. కరెంటుతో విడగొట్టొచ్చు, బిల్లు కట్టలేం. మణుగూరులో వాడే పద్ధతి వేరు. దాన్ని గర్డ్‌లర్ సల్ఫైడ్ ప్రాసెస్ అంటారు. నీళ్ళని హైడ్రోజన్ సల్ఫైడ్‌తో కలుపుతారు. అవును, కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేసే అదే గ్యాసు.

ఆక్సిజన్, సల్ఫర్ ఒకే గ్రూపు వాళ్ళు. అన్నదమ్ములే అయినా హైడ్రోజన్ చెయ్యి పట్టుకోవడంలో చాలా తేడా. గ్రూపులో కిందనుంచి పైకి మరిగే ఉష్ణోగ్రతలు చూడండి. హైడ్రోజన్ టెల్యురైడ్ మైనస్ 2, సెలినైడ్ మైనస్ 41, సల్ఫైడ్ మైనస్ 60. ఆ వరసలో నీరు మైనస్ 80 దగ్గర మరగాలి. మరిగేది 100 దగ్గర. హైడ్రోజన్ బాండింగ్ దయ. దానివల్లే గోదావరి ఉంది, లేకపోతే ఆవిరే. మనకిక్కడ కావాల్సిందేంటంటే ఒకటి ద్రవం, ఇంకోటి వాయువు. ఒక టవర్లో నీళ్ళు పైనుంచి కిందికి, గ్యాసు కిందనుంచి పైకి పంపిస్తే రెండూ రాసుకుంటూ పోతాయి. ఆ రాపిడిలో హైడ్రోజన్లు మార్చుకుంటాయి. హైడ్రోజన్ సల్ఫైడ్ నీళ్ళలో కరిగి కాస్త ఆమ్లంలా ప్రవర్తిస్తుంది, ప్రోటాన్లు అటూ ఇటూ గెంతుతాయి. అందుకే ఈ మార్పిడికి క్యాటలిస్ట్ అక్కర్లేదు. ఇంత విష వాయువుని ఎందుకు ఎంచుకున్నారు అంటే ప్రధాన కారణం అదే. థాల్, హజీరా లాంటి చోట్ల ఎరువుల ఫ్యాక్టరీల పక్కన అమ్మోనియా - హైడ్రోజన్ మార్పిడితో భారజలం చేస్తారు, దానికి పొటాషియం అమైడ్ క్యాటలిస్ట్ కావాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న: మార్చుకునేటప్పుడు డ్యుటీరియం ఎటు మొగ్గుతుంది? మెకానికల్ ఫ్రెండ్స్ కోసం స్ప్రింగ్ భాషలో చెప్తా. బంధాన్ని ఒక స్ప్రింగ్ అనుకోండి. ఆక్సిజన్ - హైడ్రోజన్ స్ప్రింగ్ బిర్రుగా ఉంటుంది, సల్ఫర్ - హైడ్రోజన్‌ది కాస్త వదులు. క్వాంటమ్ నియమం ప్రకారం ఏ స్ప్రింగూ పూర్తిగా ఆగదు, ఎంత చల్లబరిచినా కొంత శక్తితో ఊగుతూనే ఉంటుంది. దాని పేరు జీరో పాయింట్ ఎనర్జీ. చివర కట్టిన బరువు పెరిగితే ఊపు తగ్గుతుంది, ఆ శక్తీ తగ్గుతుంది. బిర్రు స్ప్రింగ్‌కి బరువు కడితే తగ్గుదల ఎక్కువ, వదులు స్ప్రింగ్‌కి తక్కువ. ప్రకృతికి శక్తి తగ్గడమే ఇష్టం కాబట్టి బరువైన డ్యుటీరియం ఆక్సిజన్ వైపు మొగ్గుతుంది.

దీన్ని చేత్తో లెక్కేసుకోవచ్చు, ఒక కాగితం చాలు. స్పెక్ట్రోస్కోపీ యూనిట్లలో నీళ్ళ బంధం ఊపు సుమారు 3,700, సల్ఫైడ్‌ది 2,600. డ్యుటీరియం పెడితే రెండూ దాదాపు 0.72 వంతుకి తగ్గుతాయి. జీరో పాయింట్ ఎనర్జీ అందులో సగం కాబట్టి నీళ్ళలో లాభం సుమారు 518, సల్ఫైడ్‌లో 364. తేడా 154. గది వేడి దగ్గర ఉష్ణశక్తి అదే యూనిట్లలో 210. 154ని 210తో భాగించి ఎక్స్‌పొనెన్షియల్ తీస్తే 2.1 వస్తుంది. ప్రయోగంలో వచ్చే అసలు విలువ 30 డిగ్రీల దగ్గర సుమారు 2.3. మనం వంగే కంపనాల్ని వదిలేశాం, అయినా ఇంత దగ్గరకొచ్చింది! అదే 130 డిగ్రీల దగ్గర ఉష్ణశక్తి 280. లెక్క 1.7 ఇస్తుంది, అసలు విలువ సుమారు 1.8. అంటే వేడెక్కితే ఆ మొగ్గు తగ్గుతుంది. ఆ 154 తేడా అలాగే ఉంది, చుట్టూ గోల పెరిగింది, అంతే.

2.3కీ 1.8కీ మధ్య ఉన్న ఆ అర పాయింట్ తేడా మీదే మొత్తం ప్లాంట్ నిలబడింది. ఎలాగో చెప్తా.

లంబసింగి నుంచి కొత్తగూడెంకి ఒక బస్సు, కొత్తగూడెం నుంచి లంబసింగికి ఇంకో బస్సు తిరుగుతున్నాయనుకోండి. కిందికొచ్చేది నీళ్ళ బస్సు, పైకెళ్ళేది గ్యాస్ బస్సు. ప్రయాణికుడు డ్యుటీరియం. లంబసింగిలో చలి, అక్కడ వాడికి నీళ్ళ బస్సంటే బాగా ఇష్టం. ఎక్కి కిందికొస్తాడు. కొత్తగూడెంలో ఎండ మాడిపోతుంది, ఆ ఇష్టం తగ్గి కొందరు గ్యాస్ బస్సులోకి మారతారు. అది పైకి తీసుకెళ్తుంది. పైన చలి, మళ్ళీ నీళ్ళ బస్సు. ఇలా పాపం వాడు ఏ చివరా బయటపడలేక మధ్యలోనే చక్కర్లు కొడుతుంటాడు. కొత్త ట్రిప్పులు వస్తున్న కొద్దీ మధ్యలో జనం పెరిగిపోతారు. భద్రాచలంలో ఆపి చూస్తే బస్సు కిటకిట. అక్కడ కొందర్ని దింపి ఇంకో చిన్న బస్సుల జతకి ఎక్కిస్తాం, అదే ఆట మళ్ళీ. ప్లాంట్‌లో పైన చల్లని టవర్, కింద వేడి టవర్, మధ్యలోంచి తీసి తర్వాతి స్టేజీకి పంపడం. అలా 15 శాతం దాకా చిక్కబరిచి, అక్కడినుంచి వాక్యూమ్ డిస్టిలేషన్‌తో 99.8 శాతం దాటిస్తారు. చల్లని టవర్ కదా అని 30 డిగ్రీల కన్నా బాగా కిందికి దించకూడదు. ఆ ఒత్తిడిలో నీళ్ళూ సల్ఫైడూ కలిసి మంచులాంటి హైడ్రేట్ కట్టి దారులు మూసేస్తాయి.

గోదావరి ఒడ్డునే ఎందుకు పెట్టారో కూడా ఇక్కడే తేలుతుంది. చల్లని టవర్ పైనుంచి బయటికొచ్చే గ్యాసులో డ్యుటీరియం, లోపలికొచ్చే నీళ్ళలో ఉన్నదానికి 2.3వ వంతు. అదే గ్యాసు తిరిగొచ్చి వేడి టవర్ అడుగున బయటికెళ్ళే నీళ్ళని తాకుతుంది. ఆ నీళ్ళలో దానికి కనీసం 1.8 రెట్లు మిగిలిపోతుంది. అంటే వచ్చినదాంట్లో 1.8 బై 2.3, అంటే 78 శాతం అలాగే నదిలోకి తిరిగిపోతుంది. ఎంత తెలివైన ఇంజినీర్ అయినా ఈ పద్ధతిలో 22 శాతం మించి తీయలేడు. ఒక టన్ను భారజలానికి సరిపడా డ్యుటీరియం 6,000 టన్నుల నీళ్ళలో ఉంటుంది. అయిదో వంతే చేతికొస్తుంది కాబట్టి 30,000 టన్నుల నీళ్ళు తోడాలి. 185 టన్నులకి 55 లక్షల టన్నులు. బోరు వేసి చేసే పని కాదు కదా! ఇంత నీటిని వేడి చేసి చల్లబరిచే ఆవిరికి బొగ్గు కావాలి, సింగరేణి గనులు పక్కనే. పెద్దమ్మ వాళ్ళ ఊరి మీద ప్రేమతో అక్కడ పెట్టలేదన్నమాట.

ఇక హైడ్రోజన్ సల్ఫైడ్ సంగతి. ఇంతసేపూ దాన్ని బస్సుగా వాడుకున్నాం గానీ, ఈ వ్యాసంలో మీకు ఒక్కటే గుర్తుండాలంటే అది డ్యుటీరియం కాదు, ఇదే కావాలని నా కోరిక.

ఇలాంటి ప్లాంట్లలో ఈ గ్యాసు టన్నుల కొద్దీ, వాతావరణ పీడనానికి 20 రెట్ల ఒత్తిడిలో తిరుగుతుంది. తడి సల్ఫైడ్ ఉక్కుని తింటుంది. ఆ తినడంలో పుట్టిన హైడ్రోజన్ పరమాణువులు ఉక్కులోకి దూరి దాన్ని పెళుసుగా మారుస్తాయి. మెటలర్జీలో హైడ్రోజన్ ఎంబ్రిటిల్‌మెంట్ అని చదివింది అదే. విచిత్రం ఏంటంటే, సరిగ్గా చేస్తే అదే సల్ఫైడ్ ఉక్కు లోపలి గోడ మీద ఐరన్ సల్ఫైడ్ పొర కట్టి కాపాడుతుంది కూడా. అక్కడ దీని కోసమే డిటెక్టర్లు, అలారాలు, ట్రైనింగ్ ఉంటాయి. ఏవీ లేని చోట ఇది మనకి ఎదురయ్యేది మ్యాన్‌హోల్‌లో, సెప్టిక్ ట్యాంకులో, పాడుబడ్డ బావిలో. గాలి తగలని చోట మురికిని బ్యాక్టీరియా తింటే పుట్టేది ఇదే.

మా హాస్టల్ వెనక డ్రైనేజీ గుంత ఒకసారి పూడిపోతే శుభ్రం చేయడానికి ఇద్దరొచ్చారు. మూత తీయగానే వాసన రెండో ఫ్లోర్ దాకా కొట్టింది. కాసేపటికి అంచున వంగి చూస్తున్న కుర్రాడు "వాసన పోయిందన్నా, దిగుతా" అన్నాడు. పెద్దాయన వాడి చెయ్యి పట్టి వెనక్కి లాగాడు. "వాసన పోలేదురా, నీ ముక్కు పోయింది. ఇవతలికి రా." ఆ రోజు ఎవరూ దిగలేదు, తర్వాత మెషీన్ తెప్పించి లాగించారు.

ఆయన అన్నమాట అక్షరాలా కెమిస్ట్రీ. ఈ గ్యాసు గాలిలో 0.1 పీపీఎం కూడా లేనప్పుడే మన ముక్కు పట్టేస్తుంది. కానీ 100 పీపీఎం దాటితే వాసన చూసే నరాలే మొద్దుబారతాయి. వాసన మాయమవుతుంది, గ్యాసు అలాగే ఉంటుంది. 500 దాటితే నిమిషాల్లో కుప్పకూలతారు. 1,000 దగ్గర ఒకటి రెండు ఊపిరులకే స్పృహ పోవచ్చు. సైనైడ్ లాగే ఇది కణాల్లో ఆక్సిజన్‌ని వాడుకునే ఎంజైమ్‌ని పట్టేస్తుంది. ఊపిరి ఆడుతున్నా కణానికి అందదు. పైగా గాలి కన్నా బరువు, గుంతలో అడుగునే కూర్చుంటుంది. మూత దగ్గర బాగానే ఉన్నట్టనిపించి, నిచ్చెన నాలుగు మెట్లు దిగేసరికి పడిపోయేది అందుకే.

ఊళ్ళల్లో బావిలోకి దీపం దించి చూస్తారు కదా, ఆరకపోతే దిగొచ్చని. ఆ పరీక్ష ఆక్సిజన్ ఉందో లేదో చెప్తుంది, అంతవరకే. 1,000 పీపీఎం అంటే 0.1 శాతం. గాలిలో ఆక్సిజన్ 21 శాతం అలాగే ఉంటుంది, దీపం హాయిగా వెలుగుతుంది, మనిషి చనిపోతాడు. ఇంకో ప్రమాదం ఏంటంటే ఈ గ్యాసు 4 శాతం దాటితే మండుతుంది కూడా, పక్కన మీథేన్ ఉంటే చెప్పక్కర్లేదు.

పేపర్లో ఈ వార్తలు చూస్తే తరచూ ఒకరు కాదు, ఇద్దరు ముగ్గురు పోతారు. మొదటివాడు పడిపోతే కాపాడదామని అన్నో, తోటి కూలీనో దిగుతాడు. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మురుగులోకి దించడం 2013 చట్టం ప్రకారం నేరం. అయినా దించుతూనే ఉన్నారు. మీ కళ్ళ ముందు అలా జరిగితే దిగకండి, దిగనివ్వకండి. 112కి ఫోన్ చేయండి. బయటినుంచి తాడుతో లాగే వీలుంటే లాగండి. గాలి సరఫరా ఉన్న మాస్క్ లేకుండా లోపలికి వెళ్తే లెక్కలో ఇంకొకరు పెరగడం తప్ప లాభం లేదు. ముక్కుకి తడిగుడ్డ కట్టుకోవడం దీన్ని ఆపదు.

మళ్ళీ భారజలం దగ్గరికి. దీనివల్ల రియాక్టర్లే కాదు, ఇంకొన్ని లాభాలూ ఉన్నాయి. మన కెమిస్ట్రీ ల్యాబుల్లో ఎన్‌ఎంఆర్‌కి వాడే డ్యుటీరియం సాల్వెంట్లకి మూలం ఇదే. మందుల్లో కొత్త ఐడియా ఒకటి నాకు బాగా నచ్చింది. ఒక మందుని లివర్ విరగ్గొట్టే చోట కార్బన్‌కి మామూలు హైడ్రోజన్ బదులు డ్యుటీరియం తగిలిస్తే, ఆ బంధం విరగడం ఆలస్యమవుతుంది, మందు ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. హంటింగ్టన్స్ వ్యాధిలో వచ్చే అదుపు లేని కదలికలకి వాడే డ్యూటెట్రాబెనజీన్ అలాంటిదే, 2017లో అమెరికాలో అనుమతి వచ్చింది. పొగాకు గింజని మొలకెత్తనివ్వని గుణమే ఇక్కడ పేషెంట్‌కి డోసులు తగ్గిస్తోంది.

పెద్దమ్మకి ఇదంతా చెప్పలేదు లెండి. బకెట్ లెక్క, బస్సుల కథ చెప్పా. మొత్తం విని ఇంకో ప్రశ్న వేసింది: "అంత కష్టపడి తీసినంక మూత తీసి పెడితే ఏమైతదిరా?"

నిజానికి చాలా మంచి ప్రశ్న. మూత తీసి పెడితే గాలిలోని తేమ వచ్చి కలుస్తుంది, హైడ్రోజన్లు చేతులు మార్చుకుంటాయి, భారజలం కాస్త కాస్తగా మామూలు నీళ్ళ వైపు జారుతుంది. వానాకాలం మణుగూరు గాలిలో అయితే ఇంకా తొందరగా. అందుకే దాన్ని గాలి తగలకుండా సీలు చేసిన స్టీల్ డ్రమ్ముల్లో పంపుతారు. రియాక్టర్లో ఎక్కడైనా ఆవిరిగా కారితే ఆ గదుల గాలిని డ్రైయర్ల గుండా లాగి తేమని పట్టుకుంటారు. పట్టినదాంట్లో మామూలు నీళ్ళు కలిసే ఉంటాయి కాబట్టి రియాక్టర్ల దగ్గరే ఇంకో డిస్టిలేషన్ టవర్ పెట్టి, దాన్ని మళ్ళీ 99.8కి తీసుకొస్తారు.